ఫిబ్రవరి 1, నవంబర్ 2: మారిషస్ క్యాలెండర్‌లో ఒకే కథకు రెండు సెలవులు

మారిషస్ ప్రభుత్వ సెలవుల జాబితా చేతికొస్తే తెలుగువాళ్ల కళ్లు ముందు ఉగాది దగ్గర ఆగుతాయి. మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న ఆ చిన్న ద్వీపదేశంలో ఉగాదికి దేశమంతటికీ సెలవు. గర్వంగా చెప్పుకోవాల్సిన విషయమే, మనవాళ్లు చెప్పుకుంటూనే ఉంటారు కూడా. అయితే అదే జాబితాలో మరో రెండు తేదీలున్నాయి. వాటి గురించి మన దగ్గర పెద్దగా మాట వినపడదు. ఫిబ్రవరి 1 బానిసత్వం రద్దయిన రోజు. నవంబర్ 2 భారతీయ ఒప్పంద కూలీలు వచ్చిన రోజు. రెండూ 2001 నుంచే సెలవులయ్యాయి. ఉగాది అంత దూరం ఎలా చేరిందో తెలియాలంటే ముందు ఈ రెండు తేదీల సంగతి తేలాలి.

క్యాలెండర్‌లో ఫిబ్రవరి ముందొస్తుంది, నవంబర్ తర్వాతొస్తుంది. సంవత్సరాలు కూడా జోడించి చూస్తే వరస తారుమారవుతుంది. కూలీల ఓడ రేవులో ఆగింది 1834 నవంబర్ 2న. బానిసత్వం రద్దయింది 1835 ఫిబ్రవరి 1న. అంటే పాత పనివాడు ఇంకా యజమాని ఆస్తిగా ఉండగానే కొత్త పనివాడిని ఒడ్డున దించేశారు. మధ్యలో ఉన్నది మూడు నెలలు. మారిషస్‌లో బానిసత్వం ఎలా ముగిసిందో, ఎవరి లెక్క ప్రకారం ముగిసిందో ఆ మూడు నెలల్లోనే ఉంది.

ఈ ద్వీపానికి స్థానికులంటూ ఎవరూ లేరు. 1638లో డచ్చివాళ్లు స్థావరం పెట్టేనాటికి అక్కడ మనుషులే లేరు. అందరూ ఓడ దిగి వచ్చినవాళ్లే. ఎవరు ఏ ఓడలో, ఏ హోదాలో దిగారన్నదే తర్వాతి చరిత్రంతా. డచ్చివాళ్లు మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చారు, 1710లో ద్వీపాన్నే వదిలేసి వెళ్లిపోయారు. 1721 నుంచి ఫ్రెంచివాళ్లు స్థిరపడ్డారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే మన స్కూలు పుస్తకాల్లోనూ కనిపిస్తాడు, 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని ఈయనే. పోర్ట్ లూయీని రేవు పట్టణంగా నిలబెట్టింది ఆయనేనని మారిషస్‌లో చెప్పుకుంటారు. ఆ రేవును, ఆ రోడ్లను, ఆ ఆస్పత్రిని కట్టిన చేతుల్లో ఎక్కువ భాగం బానిసలవి. మడగాస్కర్, మొజాంబిక్, తూర్పు ఆఫ్రికా తీరాల నుంచి వాళ్లను తెచ్చారు. పుదుచ్చేరి, బెంగాల్ వైపు నుంచి తెచ్చిన భారతీయులు కూడా వాళ్లలో ఉన్నారు. ఇది చాలామందికి తెలియని సంగతి: మారిషస్‌కు మొదట చేరిన భారతీయుల్లో కొందరు కూలీలుగా కాదు, బానిసలుగానే చేరారు.

ఫ్రెంచి రాజు బానిసల కోసం ఒక చట్టం రాయించాడు. దాని పేరు ‘కోడ్ న్వార్’, నల్ల చట్టం. పారిపోయి నెల రోజులు దొరక్కుండా ఉన్న బానిసకు చెవులు కోసి, భుజం మీద రాజముద్ర కాల్చి వేయాలి. రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం కోసి, రెండో భుజం మీద ముద్ర వేయాలి. మూడోసారికి మరణశిక్ష. ఇంత వివరంగా రాసుకున్నారంటేనే పారిపోయేవాళ్లు ఎంతమందో ఊహించవచ్చు. అలా అడవులకు, కొండలకు చేరినవాళ్లను ‘మరూన్’లు అనేవాళ్లు.

బానిసత్వాన్ని రద్దు చేయాలన్న ఆజ్ఞ ఈ ద్వీపానికి 1835 కంటే చాలా ముందే ఒకసారి వచ్చింది. విప్లవం నడుస్తున్న ఫ్రాన్స్ 1794 ఫిబ్రవరిలో తన వలస రాజ్యాలన్నిట్లో బానిసత్వం రద్దని ప్రకటించింది. దాన్ని అమలు చేయడానికి 1796లో బాకో, బ్యుర్నెల్ అనే ఇద్దరు ప్రతినిధులు సైనికులను వెంటబెట్టుకుని పోర్ట్ లూయీలో దిగారు. తోటల యజమానులు ఊరుకుంటారా? కొద్ది రోజుల్లోనే ఆ ఇద్దరినీ మళ్లీ ఓడ ఎక్కించి సాగనంపారు. ఆజ్ఞ రేవు దాటి లోపలికే రాలేదు. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ చట్టబద్ధం చేశాక ఆ గొడవ కూడా లేకుండా పోయింది. చట్టం రాసే చోటికి, చెరకు తోటకు మధ్య ఉన్న సముద్రాన్ని యజమానులు ఎప్పుడూ తమకు అనుకూలంగానే వాడుకున్నారు.

1810 డిసెంబరులో బ్రిటిషువాళ్లు ద్వీపాన్ని గెలుచుకున్నారు. గెలిచినా, అక్కడివాళ్ల చట్టాలు, ఆచారాలు, ఆస్తుల జోలికి రామని ఒప్పందంలో మాటిచ్చారు. ఆస్తి అంటే బానిసలు కూడా. బానిస వ్యాపారాన్ని బ్రిటన్ 1807లోనే నిషేధించింది, అయినా మారిషస్‌కు దొంగచాటు ఓడలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వస్తూనే ఉన్నాయి. 1825లో మారిషస్ పంచదార మీద సుంకాన్ని వెస్టిండీస్ పంచదారతో సమానం చేశారు. ఆ ఒక్క నిర్ణయంతో ద్వీపం రూపే మారిపోయింది. ఎక్కడ చూసినా చెరకే. చెరకుకు మనుషులు కావాలి. బానిసత్వం పోవాలని లండన్‌లో ఉద్యమం ఊపందుకున్న రోజుల్లోనే మారిషస్ తోటలకు చాకిరీ అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉంది.

1832లో జాన్ జెరెమీ అనే బానిసత్వ వ్యతిరేకిని లండన్ ప్రభుత్వం అక్కడ ప్రధాన న్యాయాధికారిగా పంపితే పోర్ట్ లూయీలో దుకాణాలు మూసేశారు. ఆయన వెనక్కి వెళ్లక తప్పలేదు, మరుసటి ఏడాది మళ్లీ వచ్చారు. యజమానుల తరఫున ముందు నిలబడింది ఆడ్రియాఁ దెపినే అనే లాయరు. బానిసత్వం ఎలాగూ పోతుందని అర్థమయ్యాక వాళ్ల బేరం మారిపోయింది: పోతే పోనీ, మా నష్టం ఎవరు కడతారు?

ఎవరికి పరిహారం?

1833 ఆగస్టు 28న బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టానికి రాజముద్ర పడింది. కరీబియన్ దీవుల్లో అది 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అందుకే అక్కడి దేశాల్లో విముక్తి దినం ఆగస్టు 1. దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ కాలనీకి మరో నాలుగు నెలలు, మారిషస్‌కు ఆరు నెలలు గడువిచ్చారు. మారిషస్ సెలవు ఫిబ్రవరి 1న రావడానికి కారణం ఇంతే. అక్కడ ఆ రోజు యుద్ధమేమీ జరగలేదు, ఎవరూ గెలవలేదు. చట్టంలో రాసిన గడువు తీరింది.

ఆ చట్టంలో 2 కోట్ల పౌండ్ల పరిహారం ఉంది. బానిసలకు కాదు, యజమానులకు. మారిషస్ యజమానుల వాటా 21 లక్షల పౌండ్లకు పైనే, 60 వేలకు పైగా మనుషుల మీద లెక్క కట్టి ఇచ్చింది. విడుదలైనవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు, ఒక్క సెంటు భూమి రాలేదు. పరిహారం కోసం బ్రిటన్ చేసిన అప్పు ఎంత పెద్దదంటే, దాని తాలూకు బాండ్లు చివరికి 2015లో గానీ తీరలేదు. అంటే బానిసల వారసుల్లో బ్రిటన్‌లో స్థిరపడి పన్ను కట్టినవాళ్లు కూడా తమ పూర్వీకుల యజమానులకు ఇచ్చిన సొమ్ము తాలూకు అప్పును తీర్చారన్నమాట.

పరిహారం ఒక్కటే కాదు, ఇంకో మెలిక ఉంది. ఆరేళ్లలోపు పిల్లలు వెంటనే స్వేచ్ఛ పొందారు. మిగతావాళ్లంతా ‘అప్రెంటిస్’లయ్యారు. ఐటీఐ చదివినవాళ్లకు ఆ మాట బాగా తెలుసు, పని నేర్చుకునే కుర్రాడని అర్థం. పుట్టినప్పటి నుంచీ చెరకు నరుకుతున్నవాడికి కొత్తగా నేర్పేదేముంది? అసలు సంగతి ఏమిటంటే, ఇంకొన్నేళ్లపాటు పాత యజమాని దగ్గరే వారానికి 45 గంటల దాకా జీతం లేకుండా పనిచేయాలి. మారిషస్‌లో ఈ ఏర్పాటు 1839లో ముగిసింది. కాబట్టి ఫిబ్రవరి 1న జరుపుకుంటున్నది చట్టం మారిన రోజును. మనిషి తన కాళ్ల మీద తాను తోట దాటి వెళ్లిన రోజు దానికి నాలుగేళ్ల తర్వాతిది. ఆ రోజు రాగానే ఎక్కువమంది చేసింది కూడా అదే. తోటలు వదిలేసి తీరానికి, కొండవాలులకు పోయారు. చేపలు పట్టారు, చిన్న చిన్న మడుల్లో కూరగాయలు పండించారు, చేతిపనులు చేసుకున్నారు. దీన్ని యజమానులు బద్ధకం అన్నారు. ఆ ముద్ర వాళ్ల పిల్లల మీద, మనవల మీద చాలాకాలం ఉండిపోయింది.

ఈ చట్టం గురించి మనకు తెలియాల్సిన విషయం ఇంకొకటుంది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉన్న ప్రాంతాలను దీని నుంచి మినహాయించారు. అంటే 1835లో మారిషస్‌లో బానిసత్వం చట్టవిరుద్ధం, మద్రాసు ప్రెసిడెన్సీలో కాదు. కంపెనీ కోర్టులు బానిసత్వాన్ని గుర్తించకూడదని మన దగ్గర చట్టం వచ్చింది 1843లో. విడుదలైన బానిసల స్థానంలో పనిచేయడానికి మనుషులను తీసుకెళ్లింది బానిసత్వం ఇంకా రద్దు కాని నేల నుంచి.

లె మోర్న్

మారిషస్ నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయి ఒక నల్లరాతి కొండ నిలబడి ఉంటుంది. పేరు లె మోర్న్, ఎత్తు 556 మీటర్లు. కింద తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, ఖరీదైన రిసార్టులు. హనీమూన్‌కు వెళ్లే మనవాళ్ల ఫొటోల్లో వెనకాల కనిపించేది తరచూ ఈ కొండే. పక్కలు నిట్టనిలువు, పైకెక్కే దారి ఇరుకు. అందుకే మరూన్‌లకు ఆశ్రయమైంది.

ఈ కొండ గురించి తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. 1835 ఫిబ్రవరి 1న, ఇక మీరు స్వతంత్రులని చెప్పడానికి సిపాయిలు కొండెక్కారట. వాళ్లను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకున్న మరూన్‌లు మళ్లీ బానిసలుగా బతకడం ఇష్టంలేక పైనుంచి దూకేశారట. కొండ గుహల్లో మరూన్‌లు తలదాచుకున్న ఆనవాళ్లు పురావస్తు శాఖకు దొరికాయి. దూకిన సంఘటనకు మాత్రం ప్రభుత్వ కాగితాల్లో రుజువు లేదు. లేకపోవడంలో వింతేమీ లేదు, ఆ కాగితాలు రాసింది ఎవరో తెలిసిందే కదా. అయినా కథలో ఒక మాట చాలా సూటిగా ఉంది: స్వేచ్ఛ తెస్తున్నవాడికి, సంకెళ్లు తెస్తున్నవాడికి ఒకటే యూనిఫాం.

లె మోర్న్‌ను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఏటా ఫిబ్రవరి 1న నాయకులు అక్కడికొచ్చి స్మారకం దగ్గర పూలగుచ్ఛాలు ఉంచుతారు, ప్రసంగాలు చేస్తారు. జనం మాత్రం ఎదురుచూసేది ‘రవాన్’ కోసం. మేకతోలు బిగించిన పెద్ద పళ్లెం లాంటి వాయిద్యం అది, మన డప్పుకు దూరపు చుట్టంలా కనిపిస్తుంది. డప్పును మంట దగ్గర కాచినట్టే దీన్నీ కాస్తారు, తోలు వేడెక్కి బిగిస్తేనే మోత పలుకుతుంది. ఆ మోతకు తగ్గట్టు పాదాలు ఇసుక మీద నుంచి లేపకుండా జరుపుతూ ఆడే నాట్యం ‘సెగా’. బానిసల గుడిసెల మధ్య పుట్టిన ఈ ఆటపాటను ఒకప్పుడు పెద్దింటివాళ్లు అసహ్యించుకున్నారు. 2014లో యునెస్కో దీన్ని కూడా తన జాబితాలో చేర్చింది. ఇప్పుడు హోటళ్లలో టూరిస్టులకు డిన్నర్‌తో పాటు వడ్డిస్తున్నారు.

మూడు నెలల ముందు వచ్చిన ఓడ

కలకత్తా నుంచి బయల్దేరిన ‘అట్లాస్’ ఓడలో 36 మంది ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం, మగవాళ్లకు నెలకు 5 రూపాయల జీతం. ఇంగ్లిష్‌లో ‘అగ్రిమెంట్’ అన్న మాటే ఉత్తరాది కూలీల నోట ‘గిరిమిట్’ అయింది, వాళ్లు ‘గిరిమిటియా’లయ్యారు. విడుదల కాబోయే బానిసలు రేపు కూలి అడుగుతారు, బేరమాడతారు, నచ్చకపోతే పోతారు. ఐదేళ్లు కదలకుండా కట్టిపడేసిన మనిషి పక్కనే ఉంటే వాళ్ల బేరానికి విలువుండదు. యజమానుల ఆలోచన అదే. తమకు అందిన పరిహారంలో కొంత ఈ కొత్త కూలీలను తెప్పించడానికే పనికొచ్చింది.

బ్రిటిష్ ప్రభుత్వానికి ఇదొక ప్రయోగం. చెరకు తోట బానిసలు లేకుండా నడుస్తుందా లేదా చూడాలి. మొదటి ఏళ్లలో కూలీల మీద జరిగిన దౌర్జన్యాలు బయటికి రావడంతో 1838లో భారతదేశం నుంచి పంపడం ఆపేశారు. ఇది ‘కొత్త రకం బానిసత్వానికి’ దారితీయవచ్చని 1840లో బ్రిటన్ వలస రాజ్యాల మంత్రి జాన్ రస్సెలే రాశారు. ఆ భయం ఎంతోకాలం నిలవలేదు. 1842లో మారిషస్‌కు మళ్లీ గేట్లు తెరిచారు. 20వ శతాబ్దం మొదటి దశకాలు వచ్చేసరికి అక్కడ దిగినవాళ్ల సంఖ్య 4.5 లక్షలు దాటింది. మారిషస్‌లో ప్రయోగం ‘సక్సెస్’ కాబట్టే ట్రినిడాడ్, గయానా, నేటాల్, ఫిజీలకు ఓడలు వెళ్లాయి.

మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి మనుషులు కదిలారు. మారిషస్ తెలుగు ఇళ్లలో ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. దేవుడి పేరు చెబితే ఊరి పేరు చెప్పినట్టే. మనవాళ్లు ఏ వైపు నుంచి వెళ్లారో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. చదవడం మర్చిపోయిన తరాలు కూడా రామభజనల్ని మర్చిపోలేదు. ఉగాది అలా బతికింది.

ఒప్పంద కూలీ బానిస కాడు. ఈ తేడాను తక్కువ చేయకూడదు. కాగితం మీద అతనికి పేరుంది, జీతం ఉంది, గడువుంది. అతని పిల్లలు యజమాని ఆస్తి కారు. కానీ ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. దీన్ని ‘డబుల్ కట్’ అనేవాళ్లు. గడువు తీరిన కూలీ కూడా జేబులో ఫొటో అతికించిన పాస్ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు పట్టుకుపోయేవాళ్లు. 1867 చట్టం దీన్ని మరింత కఠినం చేసింది. ఒక తోట యజమాని కుటుంబంలోకి అల్లుడిగా వచ్చిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ 1871లో 9,401 మంది పాత కూలీల సంతకాలతో అర్జీ పెట్టించాడు. తోటల యజమానులు అతని మీద మండిపడ్డారు, వీధిలో కొట్టారు కూడా. ఆ అర్జీ వల్లే లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చి విచారణ జరిపింది.

రెండు సెలవులు ఒకేసారి ఎందుకు?

మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైంది. దండియాత్ర మొదలైన తేదీ అది, కావాలనే ఎంచుకున్నారు. అంటే దేశం పుట్టినరోజులోనే భారతీయ జ్ఞాపకం ఉంది. జనాభాలో మూడింట రెండు వంతుల దాకా భారత సంతతి, ఎన్నికల్లో బలం వాళ్లది. బానిసల వారసులైన క్రియోల్‌లకు రాజ్యాంగంలో సొంత పేరు కూడా లేదు. హిందువులు, ముస్లింలు, చైనా సంతతివాళ్లు అని మూడు వర్గాలు రాసి, మిగిలినవాళ్లందరినీ ‘సాధారణ జనాభా’ అన్నారు. అందులో పాత తోటల యజమానుల వారసులూ ఉన్నారు, వాళ్ల బానిసల వారసులూ ఉన్నారు. ఇంతకంటే వెటకారం ఇంకేముంటుంది!

1993లో రోజే సెర్వో అనే క్రియోల్ ఫాదర్ ఈ వెనకబాటును ‘క్రియోల్ మలేజ్’ అన్నారు, క్రియోల్‌ల లోపలి నలత అనుకోవచ్చు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే ప్రజాదరణ ఉన్న గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. దేశం కొన్ని రోజులు అట్టుడికింది. ఎంతోకాలంగా నలుగుతున్న ఫిబ్రవరి 1 సెలవు డిమాండును ఆ తర్వాత పక్కన పెట్టడం ఏ ప్రభుత్వానికీ కుదరలేదు. 2001లో ఇచ్చారు, దాంతోపాటే నవంబర్ 2 కూడా ఇచ్చారు. ఒకరికిస్తే ఇంకొకరు ఏమనుకుంటారోనన్న రాజకీయ లెక్క అందులో స్పష్టంగానే కనిపిస్తుంది. ఫలితంగా ఫిబ్రవరి 1 క్రియోల్‌ల రోజుగా, నవంబర్ 2 భారతీయుల రోజుగా మారాయి. ఒకటి లె మోర్న్ దగ్గర, రెండోది పోర్ట్ లూయీలో కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్ దగ్గర. ఘాట్‌కు యునెస్కో గుర్తింపు 2006లోనే వచ్చింది, కొండకు రెండేళ్లు ఆలస్యమైంది. ఈ వరస మీద కూడా క్రియోల్‌లకు గుర్రు ఉంది. రెండు తేదీలను కలిపి చదవాల్సిన చోట విడదీసి పంచుకున్నారు.

కలిపి చదివే ప్రయత్నం ఒకటి మాత్రం జరిగింది. 2009లో పని మొదలుపెట్టిన సత్య, న్యాయ కమిషన్‌కు బానిసత్వంతో పాటు ఒప్పంద కూలీ వ్యవస్థను కూడా పరిశీలించమని చెప్పారు. 2011లో నివేదిక వచ్చింది. భూములు పోగొట్టుకున్న కుటుంబాల ఫిర్యాదులకు అందులో పెద్దపీట వేశారు. అది సూచించిన బానిసత్వ మ్యూజియం 2023లో గానీ తెరుచుకోలేదు. పోర్ట్ లూయీలో లా బూర్దొనే కాలం నాటి సైనిక ఆస్పత్రి భవనంలోనే దాన్ని పెట్టారు. ఆప్రవాసి ఘాట్ అక్కడికి నడిచి వెళ్లేంత దూరం.

కూలీల వారసులకు దొరికేది, బానిసల వారసులకు దొరకనిది ఒకటుంది. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. వలస కూలీగా ముత్తాతకు ఇచ్చిన నంబరు తెలిస్తే చాలు, ఆయన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వచ్చిన ఓడ, జిల్లా, ఊరు బయటికొస్తాయి. 1860ల తర్వాత వచ్చినవాళ్లయితే ఫొటో కూడా దొరకవచ్చు. పోలీసులు పట్టుకోవడానికి తీసిన ఫొటోయే ఇప్పుడు ఇంట్లో ఫ్రేమ్ కట్టి పెట్టుకునే పెద్దాయన బొమ్మ. ఆ కాగితం పట్టుకుని విశాఖ, శ్రీకాకుళం వైపు ఊళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు. బానిసల రిజిస్టర్లు కూడా ఉన్నాయి, దొంగచాటు బానిస వ్యాపారాన్ని అరికట్టడానికి బ్రిటిషువాళ్లు రాయించినవి, తర్వాత పరిహారం లెక్కలకూ వాడినవి. యజమాని పేరు పూర్తిగా ఉంటుంది. దాని కింద, యజమానే పెట్టిన ఒక చిన్న పేరు, వయసు, చేసే పని. ఊరు ఉండాల్సిన చోట ఒకటే మాట: ‘మొజాంబిక్’.